అజా అయినంక వస్తా

పొద్దున ఎనిమిదిన్నరకు మా వీధిలో బండి స్టాండు తీసిన చప్పుడైంది. ఇంజను చప్పుడు మాత్రం రాలేదు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న నేను ఆగి విన్నాను. టైర్ల కింద కంకర నలుగుతున్న చప్పుడు మెల్లగా మా గేటు దాటి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్ళింది. తొంగి చూస్తే, ఎదురింట్లో కొత్తగా అద్దెకు దిగినతను హెల్మెట్ పెట్టుకుని, బండిని చేత్తో నడిపించుకుంటూ పోతున్నాడు. మలుపు తిరిగాక గానీ స్టార్ట్ చేయలేదు. వాళ్ళింట్లో టీవీలో పిల్లల పాటలు గట్టిగా మోగుతున్నాయి. వాళ్ళకు ఏడాదిన్నర బాబు ఉన్నాడు. తండ్రి పనికి పోతున్నట్టు ఆ బాబుకు తెలియకూడదని ఈ తంటా అంతా.

ఆ చప్పుడు విన్న తరువాత తడి బట్టలు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. ఆరేళ్ళ కిందట నేను కూడా అట్లాగే పోయేవాణ్ణి. ఆ అలవాటు మాన్పించిన మనిషి రజియమ్మ. ఆమె గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. రాయకపోవడానికి కారణం ఒక్కటే: ఆమె మీద నాకు కోపం పూర్తిగా పోలేదు. నన్ను ఎవరైనా ఒక మాట అంటే నేను మరిచిపోను. ఏ వారం అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, పక్కన ఎవరున్నారు, అంతా గుర్తుంటుంది. మా ఆవిడ సునీత దీన్ని జబ్బంటుంది. నేను జ్ఞాపకశక్తి అంటాను. రజియమ్మ నన్ను అన్న మాటలు మొత్తం నాలుగు. నాలుగూ గుర్తున్నాయి. అయినా ఇవాళ రాస్తున్నాను. ఆమెను ఎరగని వాళ్ళకు ఆమె ఎట్లాంటి మనిషో చెప్పాలంటే నా కోపాన్ని దాచిపెట్టి చెప్పడం కుదరదు.

అప్పుడు మేము పద్మారావు నగర్‌లో ఉండేవాళ్ళం. నేను మోండా మార్కెట్ వెనక ఒక మందుల హోల్‌సేల్ గోదాములో పని చేసేవాణ్ణి. దుకాణాల నుంచి వాపసు వచ్చిన మందుల పెట్టెలు విప్పి, బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు చూసి వేరు చేయడం నా పని. సునీత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆమెది పన్నెండు గంటల డ్యూటీ. ఉదయం ఏడుంబావుకు ఇల్లు దాటితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మా అమ్మాయి మేఘనకు రెండేళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. అప్పటిదాకా దాన్ని మా అమ్మ చూసుకుంది. తరువాత మా చెల్లెలి కాన్పుకని అమ్మ సిద్దిపేట వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నాకు ఒకటే చెప్పింది. "పనికి పొయ్యేటోనికి ఏడుపు ఎదురు రావద్దు బిడ్డా. పిల్లకు ఏదన్న సూపిచ్చి, తెల్వకుంట బయటపడు." మా ఇంట్లో మొదటి నుంచీ అంతే. గడప దాటే మనిషిని ఎటు పోతున్నావని అడగకూడదు, పోయే మనిషి కూడా చెప్పకూడదు. మా నాన్న ఉద్యోగం చేసినంత కాలం ఆయన ఎప్పుడు బయలుదేరాడో మాకు తెలిసేది కాదు. చొక్కా కొక్కేనికి లేకపోతే వెళ్ళాడని అర్థం.

పిల్లను ఎక్కడ పెట్టాలని వెతుకుతుంటే మూడో వీధిలో రజియమ్మ ఉందని తెలిసింది. ఏదో బడిలో నర్సరీ పిల్లల ఆయాగా ముప్పై ఏళ్ళు చేసి మానేసిందట. సొంతూరు జనగామ వైపు. రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వాకిలి, అందులో ఒక నల్లా. నలుగురైదుగురు పిల్లల్ని పగలంతా చూసుకునేది. పొట్టి మనిషి, లావు గాజు కళ్ళద్దాలు. నోరు మాత్రం పెద్దది. మొదటి రోజు మేఘనను ఎత్తుకుపోతే నన్ను కనీసం కూర్చోమని కూడా అనలేదు. "ఏం తింటది? ఏం తినది? దేనికి భయపడ్తది?" అని మూడు ప్రశ్నలు అడిగింది. నేను ఫోన్ నంబరు రాసిన కాగితం ఇస్తే చూడకుండానే కళ్ళద్దాల డబ్బాలో పెట్టుకుంది. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

పన్నెండు రోజులు అమ్మ చెప్పినట్టే చేశాను. మేఘనను లోపల ఆట సామాను ముందు కూర్చోబెట్టి, అది బొమ్మ మీద ధ్యాస పెట్టగానే వెనక్కి వెనక్కి నడిచి బయటపడేవాణ్ణి. స్కూటర్‌ను వీధి చివరిదాకా నెట్టుకుపోయి స్టార్ట్ చేసేవాణ్ణి. ఏడుపు వినిపించేది కాదు. "మన పిల్ల బంగారం, అస్సలు ఏడుస్తలేదు" అని సునీతకు గొప్పగా చెప్పాను. కానీ ఇంట్లో ఏదో మారింది. మేఘన నన్ను విడిచి క్షణం ఉండేది కాదు. నిద్రలో కూడా నా కాలర్ పట్టుకునే ఉండేది. నేను స్నానానికి పోతే తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి పెట్టి కూర్చునేది. నీళ్ళు పోసుకుంటూ ఆ వేళ్ళను చూసేవాణ్ణి. సునీత ఆ వారమే అన్నది: "ఇట్లయితే నేను డ్యూటీ మానేస్తా రవీందర్. పిల్ల చిక్కిపోతున్నది." ఆమె మానేస్తే ఇల్లు నడవదు. నేను మానేసినా నడవదు. అంత సూటిగా ఉండేది మా పరిస్థితి.

పదమూడో రోజు మంగళవారం. ఎప్పటిలాగే బయటపడుతున్నాను. గచ్చు మీద చప్పుడవుతుందని చెప్పులు చేతిలో పట్టుకున్నాను. నల్లా దగ్గర బియ్యం కడుగుతున్న రజియమ్మ తలెత్తింది. అదే సమయానికి పిల్లల్ని దింపడానికి వచ్చిన మరో ఇద్దరు తల్లులు గేటు దగ్గర ఉన్నారు.

"ఏం సారూ, చెప్పులు చేతుల పట్టుకొని ఉరుకుతున్నవ్? ఏం ఎత్తుకపోతున్నవ్ మా ఇంట్ల నుంచి?"

ఆ ఇద్దరూ నవ్వారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నా చెవులు వేడెక్కాయి.

"ఏడుస్తదమ్మా. అందుకే" అన్నాను మెల్లగా.

"ఏడ్వనీ. ఏడ్పు ఆమెది. నీకేం తక్లీఫ్? దొంగలెక్క పోతే దొంగనే అంటరు."

దొంగ. నలుగురిలో నన్ను ఆ మాటన్న మొదటి మనిషి ఆమె. పిల్లను అప్పుడే ఎత్తుకుని వెళ్ళిపోవాలనుకున్నాను. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. బియ్యం గిన్నె పక్కన పెట్టి, తడి చేయి కొంగుకు తుడుచుకుని, నా మోచేయి పట్టుకుని పక్క వైపు కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. "సప్పుడు జెయ్యకు. సూడు" అంది.

కిటికీ చువ్వల మధ్య నుంచి చూశాను. మేఘన బొమ్మను వదిలేసి లేచింది. ఏడవడం లేదు. మంచం దగ్గరికి వెళ్ళి వంగి కిందికి చూసింది. తలుపు వెనక చూసింది. బీరువాకూ గోడకూ మధ్య సందులోకి చూసింది. బియ్యం డబ్బా మూత రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక, మూత మీద తట్టి "నాన్నా" అని పిలిచింది. మళ్ళీ మంచం కింద చూసింది. అప్పుడే చూసిన చోటనే మళ్ళీ. మిగతా పిల్లలు ఆడుకుంటున్నారు. నా బిడ్డ మాత్రం ఆఫీసులో పోయిన ఫైలు వెతికే గుమాస్తాలాగా, ఓపికగా, వరుసగా వెతుకుతోంది.

"పన్నెండు దినాల సంది ఇదే పని" అంది రజియమ్మ. "ఏడుస్తలేదు, మంచిగున్నది అనుకున్నవ్. ఏడ్చే పిల్లల్ని నేను సముదాయిస్త. గిట్ల దేవులాడే పిల్లను ఏం జెయ్యాలె? నువ్వు పోయింది ఆమె సూడలే. ఆమె లెక్కన నువ్వు ఇంట్లనే యాడనో ఉన్నవ్."

నేను లోపలికి పోబోయాను. ఆమె ఆపింది. "ఇప్పుడు కాదు. రేపు పొద్దున షురూ చేద్దాం. కొత్త చెప్పులు కొనుక్కో, జెర గట్టిగ సప్పుడయ్యేటివి." ఇది రెండో మాట. ఆ సమయంలో కూడా ఎగతాళి చేయకుండా ఉండలేకపోయింది.

ఆ రోజు గోదాములో తేదీలు చూస్తూ చూస్తూ మూడు పెట్టెలు తప్పుగా వేరు చేశాను. రాత్రి సునీతతో పిల్లను అక్కడి నుంచి తీసేద్దామన్నాను. "ఆమె నన్ను దొంగ అన్నది" అన్నాను. కిటికీ సంగతి కూడా చెప్పాను, చెప్పకుండా ఉండలేక. సునీత పిల్ల తల నిమిరింది. తరువాత, "తొమ్మిదికి ముందే తలుపు తీసే ఇల్లు ఇంకోటి దొరికిందాక ఆమె మాట విను" అంది. నేను మాత్రం మర్నాడు రజియమ్మకు గట్టిగా చెప్పాలని ఒక ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్ళాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటే ఆమె నన్ను నోరు తెరవనివ్వలేదు. "కూసో" అంది. కుర్చీ కోసం చూశాను. "కుర్చీ కాదు సారూ, గొంతు కూసో. ఆమె కండ్లు యాడున్నయో నీ కండ్లు ఆడుండాలె." ప్యాంటు బిగుతుగా ఉన్నా వాకిట్లో గొంతు కూర్చున్నాను. "ఇగ చెప్పు. యాడికి పోతున్నవ్, ఆమె తాన ఎవరుంటరు, నువ్వు ఎప్పుడొస్తవ్. మూడే. ఇంకేం వద్దు. చాక్లెట్ తెస్త, బొమ్మ తెస్త అనకు."

"నాన్న పనికి పోతున్నడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా వంశంలో ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. "నీ దగ్గర రజియమ్మ ఉంటది. నాన్న సాయంత్రం ఆరున్నరకు..."

"ఆరున్నర అంటే ఏందో ఆమెకు తెలుసా? ఆమెకు తెలిసిందే చెప్పు. పాలు తాగినంక వస్తవా? పండుకొని లేచినంక వస్తవా?"

పాలు నాలుగింటికి. అప్పటికి నేను రాలేను. ఇంకేమీ తోచలేదు. ఆమే ఆలోచించింది. "సాయంత్రం మసీదు కాడ అజా ఇస్తరు కదా, అది రోజూ వింటది. మైకు సప్పుడు కాంగనే చెయ్యి చెవుల మీద పెట్టుకుంటది. అదే చెప్పు."

"అజా అయినంక వస్తా" అన్నాను మేఘనతో.

అది ముందు నన్ను చూసింది, తరువాత గేటును చూసింది. అర్థమైన వెంటనే ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, వీధి వీధంతా తలుపులు తెరిచి చూసిన ఏడుపు. నా చొక్కా పట్టుకుంది. రజియమ్మ ఒక్కొక్క వేలూ విడిపించి ఎత్తుకుంది. "ఏడ్వు బేటా, ఏడ్వు. నాన్న పోతున్నడు కదా, ఏడుపొస్తది" అంది దానితో. నాతో మాత్రం, "ఉరకకు. మామూలుగ నడువు. ఎన్కకు తిరిగి చెయ్యి ఊపు" అంది. ఊపాను. స్కూటర్ అక్కడే స్టార్ట్ చేశాను. మోండా మార్కెట్ దాకా ఎట్లా వెళ్ళానో తెలియదు.

వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు మూతి ముడిచింది, ఏడవలేదు. పదో రోజు నేను చెప్పడం మరిచిపోయి లేవబోతే చొక్కా లాగి, "ఎప్పు" అంది. అంటే చెప్పమని. స్నానాల గది తలుపు కింద వేళ్ళు ఎప్పుడు కనబడడం మానేశాయో నేను గమనించలేదు. ఒకరోజు సబ్బు రాసుకుంటూ చూస్తే సందు ఖాళీగా ఉంది. బయటి గదిలో మేఘన ఒక్కతే ఏదో మాట్లాడుకుంటూ ఆడుకుంటోంది. అప్పుడు గానీ నాకు ఊపిరి తిరగలేదు. సునీత డ్యూటీ మానే మాట మళ్ళీ ఎత్తలేదు.

రజియమ్మ నా ఒక్కడినే కాదు, వచ్చిన ప్రతి తల్లినీ తండ్రినీ ఆ వాకిట్లో గొంతు కూర్చోబెట్టేది. నన్ను చూసి నవ్విన ఆ ఇద్దరు తల్లులను కూడా. ఒకసారి ఆగలేక అడిగాను, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకుందని, చిన్నప్పుడు ఆమెకు ఏమైనా జరిగిందా అని. "ఏందీ, అన్నిటికీ ఎన్క కథ ఉండాలెనా?" అంది. "ముప్పై ఏండ్లు పిల్లల్ని సూసిన. గింత సుత తెల్వదా?" అంతటితో ఆ సంభాషణ ముగిసింది.

ఎండాకాలం, వానాకాలం బాగానే గడిచాయి. గోదాము ఆరుంబావుకు వదిలేవాళ్ళు. నేను వీధి మలుపు తిరిగేసరికి అజా ముగిసేది. మేఘన గేటు పట్టుకుని ఎగురుతూ ఉండేది. ఇంతలో దసరా దగ్గర పడింది. పిల్ల మళ్ళీ మారింది. నేను వెళ్ళేసరికి గేటు దగ్గర ఉండేది కాదు. గోడ వైపు తిరిగి కూర్చునేది. ఎత్తుకుంటే నా మొహం చూసేది కాదు. పొద్దున నేను గొంతు కూర్చుని చెప్తుంటే చెవులు మూసుకునేది. నాకు అర్థం కాలేదు. నేను రోజూ అదే సమయానికి వస్తున్నాను. ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. నా వైపు నుంచి ఏ తప్పూ లేదు. తప్పు రజియమ్మదే అయి ఉంటుందనుకున్నాను. పిల్లను కొట్టిందేమో, తిట్టిందేమో. ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాను కూడా. కొంచెం గట్టిగానే అడిగాను.

ఆమె నన్ను కళ్ళద్దాల మీదుగా చూసింది. "పిల్లకు ఏం జెప్పి పోతున్నవ్?"

"అజా అయినంక వస్తా అని."

"ఇయ్యాల అజా ఎప్పుడైంది?"

నాకు తెలియదు. గోదాములో కిటికీలు లేవు. పొద్దున్నుంచి ట్యూబ్‌లైట్ల వెలుగులోనే ఉంటాం.

"నువ్వు వచ్చేటాళ్ళకు ముప్పావు గంటయింది. ఆమె అజా ఇనంగనే చెప్పులేసుకొని గేటు కాడికి పోతది. ముప్పావు గంట నిలబడ్తది. సూర్యుడు ఎండకాలంల ఉన్నట్టు చలికాలంల సుత ఉంటడా? పొద్దు గుంకినప్పుడే కదా అజా ఇచ్చేది! పెద్ద పెద్ద మందుల తారీఖులు సూస్తవంట. ఇది తెల్వలేదా నీకు?"

ఇది మూడో మాట. ఎక్కువ గుచ్చుకున్నది ఇదే. రోజురోజుకూ అజా కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ వచ్చింది, నేను మాత్రం గోడ గడియారాన్ని నమ్ముకుని నా చోటనే నిలబడ్డాను. మాట తప్పింది నేనే. తప్పుతున్నానని తెలియకుండా రోజూ తప్పాను.

"ఇంకోటి చెప్తా. వేరే గుర్తు పెట్టుకుంట" అన్నాను.

"రెండేండ్ల పిల్ల, నువ్వు చెప్పింది పట్టుకొని బతుకుతున్నది. ఇప్పుడు మార్చి ఇంకోటి చెప్తవా? ముందు ఆ మాట నిలబెట్టుకో. నిలబెట్టి, ఆమెకు నమ్మకం కుదిరినంక అప్పుడు మార్చు."

"ఐదింటికి వదలరమ్మా గోదాంల. ఉద్యోగం పోతది."

"అడిగినవా?"

అడగలేదు. ఇంతదాకా వచ్చింది గనుక నిజం చెప్తున్నాను. అపార్ట్‌మెంట్‌లో నా పార్కింగ్ స్థలంలో ఎవరో పూలకుండీ పెట్టారని అసోసియేషన్ అధ్యక్షుడికి నాలుగు ఉత్తరాలు రాసినవాణ్ణి నేను. గోదాములో టీ గ్లాసులు సరిగ్గా కడగడం లేదని సంతకాలు సేకరించినవాణ్ణి. కానీ పిల్ల కోసం ముందు వదలండని అడగడానికి మాత్రం నోరు రాలేదు. మగవాళ్ళు నిండిన గోదాము. అక్కడ ఎవరూ ఎప్పుడూ పిల్లల పేరెత్తలేదు. రజియమ్మకు నా ఉత్తరాల సంగతి సునీత చెప్పినట్టుంది. "పూలకుండీ కోసం నాలుగు కాయితాలు రాసినవంట" అంది. "బిడ్డ కోసం ఒక్కటి రాయనీకి చెయ్యి రాలే?" అదే నాలుగో మాట.

మర్నాడు ఉత్తరం రాసుకుపోయాను. ఉదయం ఎనిమిదికి వస్తాను, సాయంత్రం ఐదింటికి వెళ్తాను, పని గంటలు ఒక్కటీ తగ్గవు, కారణం నా కుమార్తె. మా మేనేజరు భాస్కర్‌రావు చదివి నవ్వాడు. "ఏంటి రవీందర్, ఇది గోదామా, బాల్వాడీనా? మిసెస్‌ను జాబ్ మాన్పించు, అయిపోతుంది కదా" అన్నాడు. గురువారం, క్యాంటీన్ మెట్ల పక్కన, ముగ్గురు ప్యాకింగ్ వాళ్ళ ముందు. శుక్రవారం అదే ఉత్తరం మళ్ళీ రాసి ఇచ్చాను. శనివారం మళ్ళీ. సోమవారం ఆయన నన్ను చూడగానే చేయి చాచాడు, కాగితం కోసం. ఎనిమిది కాగితాలయ్యాయి. ఈలోగా పొద్దున ఎనిమిదికే రావడం మొదలుపెట్టాను. లారీలు ఆ వేళకే వచ్చి, తాళం తీసే మనిషి లేక వీధిలో ఆగి ఉండేవి. నేను పెట్టెలు గోదాము అరుగు మీద దించుకుని, తొమ్మిదిన్నరకు మిగతావాళ్ళు వచ్చేసరికి సగం పని చేసి పెట్టేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఉత్తరం ఇవ్వలేదు. నాలుగు గంటలకు ఆయన బల్ల ముందుకు పోయి నిలబడ్డాను. "సార్, ఇయ్యాల్టి నుంచి ఐదింటికి పోతా. చెప్పకుంట జారుకునే మనిషిని కాదు, అందుకే ముందుగ చెప్తున్న. ఇంటికి పోతున్న. లారీలు దింపినయి, లిస్టు మీ బల్ల మీద ఉంది. రేపు మీరు తాళం తీయకముందే వచ్చి ఉంటా" అన్నాను. ఆయన తలెత్తకుండా, "రేపటి నుంచి తాళంచెవి నువ్వే పట్టుకుపో" అన్నాడు. అది ఒప్పుకోవడమో, వదిలించుకోవడమో తెలియదు. నేను అడగలేదు. ఐదింటికి బయలుదేరాను.

ఐదున్నరకు ముందే రజియమ్మ వాకిట్లో ఉన్నాను. మేఘన నన్ను చూసి ఉరికి రాలేదు. అనుమానంగా చూసింది. "అజా కాలే" అంది.

"కాలేదు నాన్నా. నేను ముందే వచ్చిన."

"అజా కాలే" అంది మళ్ళీ, ఈసారి కోపంగా. నా మోకాలి మీద చేయి పెట్టి గేటు వైపు తోసింది. రజియమ్మ లోపలి నుంచి పగలబడి నవ్వింది. "కూసో సారూ, బయట కూసో. మాటంటే మాట. నువ్వే చెప్పినవ్ కదా!" గేటు బయట మెట్టు మీద కూర్చున్నాను. వచ్చే పోయే వాళ్ళు చూస్తున్నారు. లోపల మేఘన చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడింది. పావుగంట అట్లాగే గడిచింది, గేటుకు అటు అది, ఇటు నేను. మసీదు మైకు గరగరమంది. అజా మొదలై, ముగిసింది. అప్పుడు మేఘన గేటు గడియ మీద చేయి వేసి, నన్ను అప్పుడే చూసినట్టుగా "నాన్నా" అని కేక పెట్టింది. రజియమ్మ వెనక నిలబడి ఉంది. శభాష్ అని ఒక్క మాటంటే ఆమె సొమ్మేం పోతుంది? అనలేదు. "రేపు సుత గిట్లనే రా" అంది. ఆ చలికాలమంతా అట్లాగే వెళ్ళాను.

మేఘనకు మూడున్నర ఏళ్ళు వచ్చేసరికి రజియమ్మ మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. నిజామాబాద్‌లో ఉన్న కొడుకు వచ్చి తీసుకుపోతానన్నాడు. పోవడానికి వారం ముందు నుంచి ఆమె పిల్లలందరికీ రోజూ చెప్పింది. చివరి రోజు నేను ముందుగానే వెళ్ళి ఆమెను పక్కకు పిలిచాను. "రజియమ్మా, పసిది. పండుగకొస్తా అని చెప్పు. రెండు దినాలైతే అదే మరిచిపోతది" అన్నాను.

"నేను వస్తనా?"

ఆమె తన మోకాళ్ళ మీద చేతులు వేసుకుంది.

"నా మోకాళ్ళు నాకు ఎరుకే. మళ్ళ ఈ గల్లీకి వచ్చుడు కాదు. లేని మాట చెప్పి ఆమెను గేటు కాడ నిలబెట్టాల్నా రవీందరూ?" ఆమె నన్ను సార్ అనకుండా పేరుతో పిలవడం అదే మొదటిసారి.

ఆమె ఇక గొంతు కూర్చోలేదు. అందుకని మేఘనను ఎత్తి నల్లా గట్టు మీద నిలబెట్టమంది. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తుకు వచ్చాయి. "నేను నిజామాబాద్ పోతున్న బేటా. నా కొడుకు దగ్గర ఉంటా. మళ్ళ రాను. రేపటి సంది నీ తాన మీ నాన్న ఉంటడు, తర్వాత కొత్త బళ్ళె టీచరమ్మ ఉంటది" అంది. మేఘన "అజా అయినంక?" అని అడిగింది. "అజా అయినంక సుత రాను" అంది రజియమ్మ. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మేఘన ఏడ్చింది. ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. నాకు ఆ ముసలామె మీద చాలా కోపం వచ్చింది. చిన్న అబద్ధం చెప్తే ఏం పోయిందని. ఆ కోపమే ఇప్పటికీ కొంత మిగిలి ఉంది. కానీ ఆ తరువాత మేఘన ఎన్నడూ ఆ వీధికి తీసుకుపొమ్మని మారాం చేయలేదు. బీరువా వెనక వెతకలేదు. "రజియమ్మ నిజామాబాద్‌ల ఉంది" అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది, చిరునామా చెప్పినట్టుగా.

పది రోజుల తరువాత నేరేడ్‌మెట్‌లో ఇల్లు మారి, అక్కడి ప్లేస్కూల్లో చేర్చాం. గోడల నిండా రంగులు, జారుడుబల్ల, అన్నీ ఉన్నాయి. మొదటి రోజు అక్కడి టీచర్ నవ్వుతూ పక్క తలుపు చూపించింది. "సార్, మేము పాపను ఫిష్ ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్తాం. మీరు ఇటు నుంచి వెళ్ళిపోండి. పేరెంట్స్ అందరూ అట్లాగే వెళ్తారు."

"నేను అట్ల పోనండి" అన్నాను.

"ఏడుస్తుంది సార్. మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారు."

"ఏడ్వనివ్వండి" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. వెనక ఇద్దరు తండ్రులు ఒకరినొకరు చూసుకున్నారు. బుధవారం. ఆ బడిలో నేను తగవులమారిగా పేరు తెచ్చుకున్నది ఆ రోజే. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం కూడా రాశాను, పక్క తలుపు మూయించమని. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను.

ఆ రోజు ఆ రంగుల గది మధ్యలో, అందరూ చూస్తుండగా గొంతు కూర్చున్నాను. ఎక్కడికి పోతున్నానో, దాని దగ్గర ఎవరుంటారో, ఎప్పుడు వస్తానో చెప్పాను. మేఘన పెదవి వణికింది, ఏడుపు అందుకుంది. లేచి, చెయ్యి ఊపి, పెద్ద గేటు వైపు నడిచాను. ఏడుపు వెనక నుంచి వస్తూనే ఉంది. పరుగెత్తాలని కాళ్ళు తొందరపెడుతున్నాయి. ఒక్కొక్క అడుగే వేశాను. అది నన్ను గేటు దాటేదాకా చూడాలి. నేను పోవడం చూస్తేనే కదా, తిరిగి రావడం నమ్ముతుంది.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. నేను గడప దాటుతుంటే తల కూడా ఎత్తదు, బొమ్మలు గీసుకుంటూనే "సరే నాన్నా" అంటుంది. అయినా నేను ఎదురుగా వెళ్ళి నిలబడి, మూడూ చెప్పి, అది విన్నదని తెలిశాకే బయలుదేరుతాను.